పక్కన మాల్, ఆఫీసులు, ఫ్లాట్లు కలిపి పెద్ద టవర్ వస్తోందా? అపార్ట్‌మెంట్ వాళ్లు ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి

మీ అపార్ట్‌మెంట్ పక్కన ఏళ్ల తరబడి తుమ్మచెట్లతో పడి ఉన్న స్థలం చుట్టూ ఒక రోజు రేకులు లేచాయనుకోండి. లోపల మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, పైపు దించి, మట్టి నమూనాలు తీస్తున్నారనుకోండి. అది సాయిల్ టెస్ట్. అంటే డిజైన్ పని నడుస్తోంది, ఇంకొన్ని నెలల్లో జేసీబీలు, బ్రేకర్లు దిగుతాయి. మీకు నిజంగా పనికొచ్చే టైమ్ ఈ కొన్ని నెలలే. తవ్వకం మొదలయ్యాక పడే గొడవల కంటే, మొదలవకముందు పోగేసుకున్న కాగితాలే మిమ్మల్ని ఎక్కువ కాపాడతాయి, అందుకే ఇక్కడ రాసిన వాటిలో సగానికి పైగా ఆ నెలల్లో చేయాల్సిన పనులే.

హైదరాబాద్ పడమటి వైపు, రాయదుర్గం, నానక్‌రాంగూడ, కోకాపేట, కొండాపూర్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అక్కడ ఇప్పుడు వస్తున్నవి మామూలు అపార్ట్‌మెంట్లు కావు, కింద మాల్, దాని పైన ఆఫీసులు, పక్కనే ఫ్లాట్లు, మధ్యలో ఒక హోటల్, వీటన్నిటి కింద నాలుగైదు సెల్లార్లు. విజయవాడ, విశాఖ వాళ్లకి కూడా చాలా వరకు ఇదే వర్తిస్తుంది, కేంద్ర చట్టాలు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే కాబట్టి. జీవోలు, పోర్టళ్లు మాత్రం మీ వైపువి చూసుకోండి.

దేని మీద కొట్లాడాలో ముందే తేల్చుకోండి

మీటింగ్ పెట్టగానే మొదట వచ్చే మాట "మన వ్యూ పోతుంది, ఫ్లాట్ రేటు పడిపోతుంది, కట్టనివ్వకూడదు" అని. ఆ బాధ నిజమే, బాల్కనీలోంచి కనపడే గుట్టలూ చెరువూ చూసే కదా చాలామంది కొన్నది. కానీ వ్యూ మీద మన చట్టంలో హక్కు లేదు. వెలుతురు, గాలి మీద 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం హక్కు ఇస్తుంది గానీ, అది రావాలంటే ఆ కిటికీలోంచి 20 ఏళ్లు ఆటంకం లేకుండా అనుభవించి ఉండాలి, ఆపైన మీకు గట్టి నష్టం జరిగిందని రుజువు చేయాలి. ఐటీ కారిడార్లో 20 ఏళ్లు నిండిన అపార్ట్‌మెంట్లు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. కాబట్టి మొత్తం ప్రాజెక్టు ఆపించాలన్న ఆశతో మొదలుపెడితే ఆరు నెలలు అందులోనే పోతాయి, అసలు పట్టుకోవాల్సినవి చేజారిపోతాయి.

పట్టుకోవాల్సినవి ఏంటంటే: మీ నేలకి పక్క నేల ఇచ్చే ఆసరా, మీ బోరు, రాత్రి నిద్ర, పీల్చే గాలి, పక్కవాళ్లు వదలాల్సిన సెట్‌బ్యాక్ (హద్దు నుంచి బిల్డింగ్ దాకా ఉండాల్సిన ఖాళీ స్థలం), తర్వాత ఏళ్ల తరబడి మీ బెడ్‌రూమ్ పక్కన ఉండబోయే ర్యాంపు, జనరేటర్ల స్థానం. వీటన్నిటికీ రూల్ ఉంది, అడిగే హక్కు ఉంది.

ఒక్క మినహాయింపు ఉంది, అది పెద్దది. పక్కన కట్టేది మీ బిల్డరే అయి, మీకు అమ్మేటప్పుడు అక్కడ పార్కు, క్లబ్‌హౌస్ చూపించి ఇప్పుడు మాల్ లేపుతుంటే, అది వేరే కేసు. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా (2016), సెక్షన్ 14 ప్రకారం మంజూరైన ప్లాన్లు, ఉమ్మడి స్థలాలు మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నోయిడాలో ఎమరాల్డ్ కోర్ట్ వాసులు గెలిచింది దాదాపు ఇలాంటి పాయింట్ల మీదే. వాళ్లకి తోట అని చూపించిన చోట బిల్డర్ రెండు టవర్లు లేపాడు, బిల్డింగుల మధ్య ఉండాల్సిన 16 మీటర్ల దూరం వదల్లేదు, ఫ్లాట్ల వాళ్ల అనుమతి తీసుకోలేదు. 2014లో అలహాబాద్ హైకోర్టు కూల్చేయమంది, 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది, 2022 ఆగస్టు 28న సుమారు వంద మీటర్ల ఎత్తున్న ఆ టవర్లు నేలకూలాయి. ఆ కేసులో నన్ను బాగా కదిలించింది కూల్చివేత కాదు. ఆ అసోసియేషన్ వాళ్లు ప్లాన్ కాపీ ఇవ్వమని ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద అడిగితే, ప్లాన్లు మంజూరు చేసే నోయిడా అథారిటీ బిల్డర్‌ని అడిగి, అతను వద్దన్నాడని ఇవ్వకపోవడం. సుప్రీంకోర్టు తీర్పులో దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ప్లాన్ చేతికి రావడం అంత ముఖ్యం.

అసోసియేషన్‌ని కదిలించండి

జనరల్ బాడీ పెట్టి, ఒక తీర్మానం రాసి, నలుగురైదుగురితో చిన్న కమిటీ వేయండి. ఒకరు ప్లాన్లు చదవగలిగే వాళ్లు (మీ ఫ్లాట్లలో ఒక సివిల్ ఇంజనీరో ఆర్కిటెక్టో ఉండే ఉంటారు), ఒకరు ఫొటోలు, ఫైళ్లు ఓపిగ్గా సర్దే వాళ్లు, ఒకరు బిల్డర్‌తో కూల్‌గా మాట్లాడగలిగే వాళ్లు. అద్దెకుండే వాళ్లని కూడా కలుపుకోండి, సైట్ వైపు ఫ్లాట్లలో చాలాసార్లు ఉండేది వాళ్లే, దుమ్మూ చప్పుడూ ముందు వాళ్లకే. ఏ ఒక్కరూ విడిగా వెళ్లి బిల్డర్‌తో తమ ఫ్లాట్ వరకు రిపేరు మాట్లాడుకోకూడదని తీర్మానంలోనే రాసుకోండి. అలా ఒక్కరు వెళ్లినా మిగతావాళ్ల బలం అక్కడితో సరి.

కాగితాలు తెప్పించండి

రెరా సైట్ నుంచి మొదలుపెట్టండి. ప్రాజెక్టులో అమ్మే ఫ్లాట్లు, షాపులు ఉంటే రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అందులో మంజూరైన ప్లాన్లు, అనుమతి నంబరు, పూర్తి చేస్తామన్న తేదీ అన్నీ ఎవరైనా చూడొచ్చు. లాగిన్ కూడా అక్కర్లేదు. పూర్తిగా అద్దెలకి ఇచ్చే మాల్, ఆఫీసులు అయితే రెరాలో దొరకకపోవచ్చు, అప్పుడు మున్సిపల్ టౌన్ ప్లానింగ్‌కి గానీ హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ)కి గానీ, అనుమతి ఎవరు ఇచ్చారో వాళ్లకి ఆర్టీఐ పెట్టండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. అడిగేటప్పుడు "వివరాలు ఇవ్వండి" అని రాయొద్దు, "సైట్ ప్లాన్, అన్ని సెల్లార్ల ప్లాన్లు, గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్, టెర్రస్ ప్లాన్, సెక్షన్ డ్రాయింగులు, ఫైర్ ఎన్‌ఓసీ, అనుమతి ప్రొసీడింగ్స్ కాపీ" అని పేరుపేరునా రాయండి.

రెండోది పర్యావరణ అనుమతి. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2.15 లక్షల చదరపు అడుగులు ఆపైన నిర్మాణ ప్రాంతం ఉంటే ముందస్తు అనుమతి కావాలి. మాల్ ఉన్న ఏ ప్రాజెక్టయినా ఇది సులువుగా దాటేస్తుంది. బిల్డింగ్ ప్రాజెక్టులకి ప్రజాభిప్రాయ సేకరణ మినహాయించారు, కాబట్టి ఎవరో వచ్చి మిమ్మల్ని అడుగుతారని ఎదురుచూడకండి. కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్లో ప్రాజెక్టు పేరుతో వెతికితే దరఖాస్తు, అనుమతి లెటర్ దొరుకుతాయి. ఆ లెటర్‌లో ఎన్ని చెట్లు ఉంచాలి, తవ్విన మట్టి ఎక్కడ వేయాలి, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి, జనరేటర్ పొగ గొట్టం ఎంత ఎత్తు, అన్నీ షరతులుగా ఉంటాయి. ఆరు నెలలకోసారి, జూన్ 1, డిసెంబర్ 1 తేదీలకి, షరతులు ఎలా పాటిస్తున్నారో రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టులో "రోజూ నీళ్లు చల్లుతున్నాం" అని రాసి ఉండి, మీ దగ్గర ఎండిపోయిన రోడ్డు మీద దుమ్ము లేస్తున్న ఫొటోలు తేదీలతో ఉంటే, కేసు మీ వైపు వాలుతుంది. ఈ అనుమతి మీదే అభ్యంతరం ఉంటే గ్రీన్ ట్రిబ్యునల్లో అప్పీలుకి 30 రోజులే గడువు, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. అందుకే తొందరగా వెతకమనేది.

ప్లాన్లు వచ్చాక ఎత్తు చూసి కంగారుపడకండి, ముందు సెల్లార్ ప్లాన్ తీయండి. మన జీవో 168 (2012) ప్రకారం 2,000 చదరపు మీటర్లు దాటిన స్థలాల్లో సెల్లార్ గోడ హద్దు నుంచి కనీసం 3 మీటర్లు లోపల ఉండాలి, ఒకటికి మించిన ప్రతి సెల్లార్‌కి ఇంకో అర మీటరు. నాలుగు సెల్లార్లయితే నాలుగున్నర మీటర్లు. మీ కాంపౌండ్ వాల్ నుంచి అంత దూరం కాగితం మీద ఉందా, రేపు తవ్వేటప్పుడు నేల మీద ఉంటుందా, రెండూ చూడాలి. తర్వాత గ్రౌండ్ ఫ్లోర్: సెల్లార్ ర్యాంపు ఎటు వైపు, సరుకుల లారీలు ఎక్కడ ఆగుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ. చివరికి టెర్రస్, పోడియం (టవర్ల కింద వెడల్పుగా ఉండే అంతస్తుల) ప్లాన్లు: జనరేటర్లు, ఏసీ చిల్లర్లు, కూలింగ్ టవర్లు ఎక్కడ.

తవ్వకానికి ముందు మీ బిల్డింగ్ పరిస్థితి రికార్డు చేయించండి

ఈ గైడ్‌లో ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మిలీనియం టవర్ అని ఒక ఖరీదైన కాండో బిల్డింగ్ ఉంది, 2009లో తెరిచారు, అది కుంగి ఒక పక్కకి ఒరిగింది. పక్కన తవ్విన ట్రాన్సిట్ సెంటర్ వల్లే అని బిల్డింగ్ వాళ్లు, మేం 2010లో తవ్వకం మొదలుపెట్టే నాటికే మీది 10 అంగుళాలు కుంగిపోయి ఉంది అని అవతలి వాళ్లు. ఏళ్ల తరబడి నడిచిన ఆ వివాదంలో ఎవరి దగ్గర ఏ తేదీ కొలతలు ఉన్నాయన్నదే కీలకమైంది. రేపు మీ మెట్ల దగ్గర పగులు వస్తే పక్క సైట్ ఇంజనీర్ అనే మొదటి మాట కూడా ఇదే: "ఇది పాతదే సార్."

దానికి జవాబు ముందే రెడీగా ఉండాలి. బిల్డర్ పంపే మనిషిని కాకుండా, మీరు ఎంచుకున్న స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో, వీలైతే జేఎన్‌టీయూ లాంటి యూనివర్సిటీ సివిల్ డిపార్ట్‌మెంట్ కన్సల్టెన్సీతో సర్వే చేయించండి. ఖర్చు బిల్డర్ పెట్టుకోవాలని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే పాత పగుళ్లకి వాళ్లు బాధ్యులు కాదని తేల్చేదీ ఈ రిపోర్టే. ఒప్పుకోకపోతే కార్పస్ ఫండ్ నుంచి పెట్టండి, దీని మీద బేరం ఆడుతూ నెలలు పోగొట్టుకోవద్దు.

ఇంజనీర్ వచ్చేలోపు మీరు చేయగలిగింది కూడా ఉంది. ప్రతి ఫ్లాట్‌కీ వెళ్లండి, ముఖ్యంగా సైట్ వైపువి. గోడలు, సీలింగ్ మూలలు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా దిగే గీతలు, బాత్రూమ్ టైల్స్, బాల్కనీ గచ్చు, మెట్ల ల్యాండింగులు, సెల్లార్ స్తంభాలు, కాంపౌండ్ వాల్, సంప్, లిఫ్ట్ గుంట. ఫొటోలో పగులు పక్కన స్కేలు ఉండాలి, ఆ రోజు పేపర్ కనపడేలా పెడితే ఇంకా మంచిది. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి, రేపు అది పొడవు పెరిగితే గీత దాటిపోతుంది, చిన్నపిల్లలకి కూడా కనపడుతుంది. పెద్ద పగుళ్ల మీద సన్నటి అద్దం ముక్క అడ్డంగా పెట్టి రెండు కొసలూ అరల్డైట్ లాంటి జిగురుతో అతికించండి. గోడ కదిలితే అద్దం పగులుతుంది. పగిలిన అద్దం ఎదురుగా నిలబడి "అది పాతదే" అనడం ఎవరికైనా కష్టం.

బోరు నీటిమట్టం కూడా కొలిపించి రాసుకోండి. నాలుగు సెల్లార్ల లోతు అంటే 15 మీటర్ల దగ్గర, అంత గొయ్యిలోకి ఊరే నీళ్లని రాత్రింబవళ్లు మోటార్లతో తోడి వరదకాలువలోకి వదిలేస్తారు, వేసవి వచ్చేసరికి చుట్టుపక్కల బోర్లు దిగిపోవచ్చు. నెలకోసారి మట్టం కొలిచి రిజిస్టర్‌లో రాస్తే, ట్యాంకర్ల బిల్లు పెరిగిన నెలలూ, వాళ్లు నీళ్లు తోడిన నెలలూ పక్కపక్కన పెట్టి చూపించొచ్చు.

అన్నీ అయ్యాక రిపోర్టు కాపీ ఒకటి బిల్డర్‌కి స్పీడ్ పోస్టులో, ఒకటి మున్సిపల్ ఆఫీసుకి ఇచ్చి రసీదు తీసుకోండి. మీ బీరువాలో ఉండే రిపోర్టు కంటే అవతలి వాళ్లకి చేరిందని ముద్ర పడ్డ రిపోర్టు విలువ ఎక్కువ.

బిల్డర్‌తో కూర్చోండి, నోటిమాట మీద వదిలేయకండి

మార్కెటింగ్ వాళ్లు కాదు, ప్రాజెక్ట్ మేనేజర్, స్ట్రక్చరల్ కన్సల్టెంట్ రావాలని అడగండి. మర్యాదగా మాట్లాడండి, నాలుగైదేళ్లు పక్కపక్కన ఉండాలి. కానీ మీటింగ్ అయిన రోజే మాట్లాడినవన్నీ మెయిల్‌లో రాసి పంపండి.

అడగాల్సిన వాటిలో మొదటిది గొయ్యి అంచు పడిపోకుండా ఏం చేస్తున్నారన్నది. షోరింగ్ డ్రాయింగ్ చూపించమనండి. పైల్స్ వేస్తున్నారా, లేక సాయిల్ నెయిలింగ్, రాక్ యాంకర్లా? యాంకర్లయితే జాగ్రత్త, అవి ఏటవాలుగా మీ స్థలం కిందికి చాలా మీటర్లు వచ్చే ఇనుప కడ్డీలు. మీ అనుమతి లేకుండా మీ హద్దు లోపలికి రాకూడదు, వచ్చే దారిలో మీ బోరు కేసింగ్, సంప్, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఉండొచ్చు. ఒప్పుకున్నా లోతు, పొడవు, పని అయ్యాక వాటిని వదులు చేస్తామన్న మాట రాతలో ఉండాలి. పక్క నేల నుంచి మీ నేలకి సహజంగా అందే ఆసరా మీ హక్కని అదే ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 7 చెబుతుంది.

గొయ్యి తవ్వి వానాకాలంలో అలా వదిలేయడం అన్నిటికంటే భయపడాల్సిన విషయం. జూన్‌లోపు బేస్‌మెంట్ గోడలు ఎక్కడిదాకా లేస్తాయో షెడ్యూల్ అడగండి, నిధులు ఆగి పని ఆగిపోతే గొయ్యిని ఎవరు కాపలా కాస్తారో అడగండి. లేబర్ షెడ్లు ఎక్కడ వేస్తున్నారో కూడా చూడండి. 2024 మేలో బాచుపల్లిలో వానకి ఒక నిర్మాణంలోని రిటైనింగ్ వాల్ కూలి, కింద షెడ్లలో ఉన్న కూలీ కుటుంబాల వాళ్లు ఏడుగురు చనిపోయారు, వాళ్లలో చిన్నపిల్లాడు ఉన్నాడు. మీ కాంపౌండ్ వాల్ పక్కన, గొయ్యి అంచున షెడ్లు కనపడితే అది వాళ్ల సమస్య అని ఊరుకోకండి, ఆ రోజే రాయండి.

రెండోది ఇన్సూరెన్స్. పెద్ద ప్రాజెక్టులకి కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ ఉంటుంది, "మాకు అన్ని కవరేజీలూ ఉన్నాయండీ" అంటారు. అక్కడ ఆగిపోవద్దు. తవ్వకం వల్ల, కంపనం వల్ల, ఆసరా పోవడం వల్ల పక్క బిల్డింగుకి జరిగే నష్టం మామూలు పాలసీలో ఉండదు, దానికి "వైబ్రేషన్, రిమూవల్ ఆర్ వీకెనింగ్ ఆఫ్ సపోర్ట్" అనే అదనపు క్లాజు విడిగా కొనాలి. అది ఉన్నా సాధారణంగా బిల్డింగ్ పూర్తిగానో కొంత భాగమో కూలితేనే డబ్బిస్తుంది, నిలకడకి ప్రమాదం లేని పైపై పగుళ్లకి ఇవ్వదు. అందుకని పాలసీ కాపీతో పాటు, పైపై పగుళ్లు, టైల్స్, లీకేజీలు మేమే బాగుచేయిస్తామని కంపెనీ లెటర్‌హెడ్ మీద హామీ, వీలైతే అసోసియేషన్ పేరున కొంత డిపాజిట్ తీసుకోండి.

మూడోది బండరాయి. మన దగ్గర రెండు మూడు మీటర్లు దిగితే గ్రానైట్ తగులుతుంది, బ్లాస్టింగ్ మాట వచ్చేస్తుంది. వైర్ సా కటింగ్ (తీగ రంపంతో కోయడం), రసాయనంతో రాయి చీల్చడం లాంటి మార్గాలు ఉన్నాయి, ఖర్చెక్కువ, నెమ్మది. హద్దు దగ్గరి భాగం వరకైనా అలా చేయమని పట్టుబట్టండి. బ్లాస్టింగ్ తప్పదంటే లైసెన్సు, పోలీసు అనుమతి కాపీలు చూడండి, ముందు రోజే టైమ్ చెప్పాలి, రాళ్లు ఎగరకుండా మ్యాట్లు, ఇసుక బస్తాలు కప్పాలి, మీ బిల్డింగ్ పునాది దగ్గర కంపనం కొలిచే సీస్మోగ్రాఫ్ పెట్టి ప్రతి పేలుడు రీడింగూ మీకివ్వాలి. గనుల భద్రతా శాఖ మామూలు ఇళ్లకి పెట్టిన పరిమితి, కంపనం 8 హెర్ట్జ్ లోపు ఉంటే సెకనుకి 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య 10, ఆపైన 15. అది గనుల కోసం పెట్టిన లెక్క అయినా ఇంజనీర్లు వాడేది అదే, లెటర్‌లో ఆ అంకెలే రాయించుకోండి.

ఇక టవర్ క్రేన్ చేయి మీ టెర్రస్ మీదుగా బరువుతో తిరగకూడదని, రాత్రి పిలిస్తే ఫోన్ ఎత్తే ఒక మనిషి పేరు, నంబరు ఇవ్వాలని కూడా అందులో చేర్చండి.

చప్పుడు, దుమ్ము

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. ఆ టైమ్‌లో నివాస ప్రాంతాల్లో చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదని అదే నిబంధనల్లో ఉంది, కాబట్టి రాత్రి బ్రేకర్ మోగితే డెసిబెల్స్ కొలిచే పని కూడా లేదు, 100కో 112కో ఫోన్ చేయండి, కంప్లయింట్ నంబరు రాసుకోండి. పగటిపూట అయితే పరిమితి కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ ఉంటే ఫిర్యాదు చేయొచ్చు. ఫోన్ యాప్ రీడింగ్ అధికారిక రుజువు కాదు గానీ రోజూ అదే కిటికీ దగ్గర, అదే టైమ్‌కి తీసిన రీడింగులు ఉంటే కాలుష్య నియంత్రణ మండలి వాళ్లని కొలవడానికి రప్పించడం సులువు.

ఇక్కడ ఒక విషయంలో పట్టువిడుపు ఉండాలి. పునాది రాఫ్ట్‌కి (బిల్డింగ్ అడుగంతా పరిచే మందపాటి పలకకి) కాంక్రీటు పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, ఆపితే ఆ అతుకు దగ్గర బలం తగ్గుతుంది. అలాంటి రాత్రులు కొన్ని ఉంటాయి. ఆ తేదీలు వారం ముందే చెప్పమని బిల్డర్‌ని అడగండి, పరీక్షలున్న పిల్లలు, పేషెంట్లు ఉన్న ఇళ్లు ఇవీ అని మీరూ చెప్పండి. మిగతా రాత్రుల చప్పుడుకి అసలు కారణం టిప్పర్లు, పగలు భారీ వాహనాలకి ఆంక్షలు ఉండటంతో మట్టి అంతా రాత్రే పోతుంది. గేటు మీ వైపు కాకుండా అవతలి రోడ్డు వైపు పెట్టమని, క్యూలో ఉన్న బండ్ల ఇంజన్లు ఆపమని, హారన్ వద్దని, ఖాళీ చేశాక వెనక తలుపు ధడేలున పడేయొద్దని అడిగితే నిజంగా తేడా వస్తుంది.

దుమ్ముకి 2018 జనవరిలో కేంద్రం తెచ్చిన నిబంధనలు గుర్తుపెట్టుకోండి: చుట్టూ గాలిని ఆపే అడ్డు, బిల్డింగ్ ఎత్తులో మూడో వంతు, గరిష్ఠంగా 10 మీటర్లు. మట్టి, ఇసుక కప్పకుండా ఉంచకూడదు, నీళ్లు చల్లాలి, రాళ్లు బహిరంగంగా కోయకూడదు. గేటు దగ్గర టైర్లు కడిగే గుంట లేకపోతే రోడ్డంతా బురద, తర్వాత ఎండి దుమ్ము. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే డాక్టర్ చీటీ కాపీలు ఫైల్లో పెట్టండి.

పగులు వస్తే

వెంటనే పుట్టీ పెట్టి మూసేయకండి, అందరూ చేసే పని అదే. ఫొటో, స్కేలు, తేదీ, ఆ రోజు పక్కన ఏం పని జరుగుతోంది. ఇరవై నాలుగు గంటల్లో మెయిల్. సర్వే చేసిన ఇంజనీరే మళ్లీ వచ్చి పాత రిపోర్టుతో పోల్చాలి. గోడల్లో వెంట్రుక మందం గీతలకి టెన్షన్ పడక్కర్లేదు. స్తంభం, దూలం దగ్గర పగుళ్లు, తలుపులు హఠాత్తుగా బిగుసుకుపోవడం, కాంపౌండ్ వాల్ సైట్ వైపు ఒరగడం, నేల మీద హద్దుకి సమాంతరంగా పొడవాటి చీలిక, వీటిలో ఏది కనపడినా ఆ వైపు కార్లు తీయించి, పిల్లల్ని అటు వెళ్లనివ్వకుండా చేసి, మున్సిపల్ ఆఫీసుకి, పోలీసులకి ఒకేసారి చెప్పండి. మీ ఇంజనీర్ చూసి సరేనన్నాకే తవ్వకం మళ్లీ మొదలవ్వాలని పట్టుబట్టండి.

తెరిచాక ఏం జరుగుతుందో ఇప్పుడే ఆలోచించండి

మామూలు అపార్ట్‌మెంట్ పక్కన వస్తే కట్టడం అయ్యాక గొడవ సద్దుమణుగుతుంది. మాల్, హోటల్, ఆఫీసులు కలిసినదైతే సరుకుల లారీలు తెల్లవారుజామున వస్తాయి, ఫుడ్‌కోర్టు పొగగొట్టాలు మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా నడుస్తాయి, చిల్లర్లు ఆగవు, ఎల్‌ఈడీ హోర్డింగు వెలుగు కర్టెన్ దాటి వస్తుంది, సినిమాకి వచ్చినవాళ్ల బైకులు మీ గేటు ముందుంటాయి. ఇవన్నీ ప్లాన్ దశలో ఒక గీత జరిపితే మారే విషయాలు, కట్టాక లక్షలు పోసినా మారవు.

జనరేటర్ సంగతి చూడండి. పొగగొట్టం ఎత్తుకి కాలుష్య మండలి లెక్క ఏంటంటే, అది ఉన్న బిల్డింగ్ ఎత్తుకి తోడు, కేవీఏ సామర్థ్యపు వర్గమూలంలో అయిదో వంతు మీటర్లు. వెయ్యి కేవీఏ అయితే బిల్డింగ్ పైన ఇంకో 6.3 మీటర్లు. జనరేటర్లు 20 మీటర్ల ఎత్తు పోడియం మీద పెడితే గొట్టం 26 మీటర్ల దగ్గర ముగుస్తుంది, అంటే సరిగ్గా మీ ఎనిమిదో అంతస్తు కిటికీల ఎదుట. రూల్ పాటించినట్టే ఉంటుంది, పొగ మీ ఇంట్లోకే వస్తుంది. గొట్టాన్ని మెయిన్ టవర్ పైదాకా తీసుకెళ్లమనో, జనరేటర్లు అవతలి మూలకి మార్చమనో ఇప్పుడే రాతలో అడగండి. కిచెన్ ఎగ్జాస్టులకీ ఇదే మాట.

వినకపోతే

మెట్టు మెట్టుగా వెళ్లండి, ఒకేసారి అందరికీ కాపీలు కొట్టిన ఫిర్యాదుని ఎవరూ తమదనుకోరు. ప్లాన్ ఉల్లంఘన అయితే టౌన్ ప్లానింగ్‌కి, దుమ్ము, చప్పుడు అయితే సనత్‌నగర్లోని కాలుష్య నియంత్రణ మండలికి, పర్యావరణ షరతులయితే వాటిని ఇచ్చిన రాష్ట్ర అథారిటీకీ కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ ఆఫీసుకీ. సోమవారం ప్రజావాణిలో (అధికారులు నేరుగా ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమంలో) ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక ఫిర్యాదులో ఒకే విషయం, రెండు ఫొటోలు, ఏ రూల్, ఏం చేయాలి. అర పేజీ దాటనివ్వకండి. నెల రోజులైనా కదలిక లేకపోతే ఆ ఫిర్యాదు మీద ఏం చర్య తీసుకున్నారో ఆర్టీఐ వేయండి, చాలాసార్లు ఆ ఆర్టీఐ వెళ్లాకే ఇన్‌స్పెక్షన్‌కి మనిషి వస్తాడు.

ప్రజలకి ప్రమాదంగా ఉన్న గొయ్యి, ఒరిగిన గోడ లాంటివాటికి బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆర్డర్ ఇవ్వొచ్చు, ఇది కోర్టు కంటే త్వరగా అయ్యే దారి. చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచిలో నష్టపరిహారం అడగని దరఖాస్తుకి ఫీజు వెయ్యి రూపాయలు, విషయం తలెత్తిన ఆరు నెలల్లోపు వేయాలి. అధికారులు కళ్లు మూసుకున్నారంటే హైకోర్టులో రిట్. వీటిలో దేనికి వెళ్లినా లాయర్ మొదట అడిగేది సర్వే రిపోర్టు, రసీదులు, మెయిళ్లు.

టవర్ పూర్తయ్యే దశలో బిల్డర్ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కి (బిల్డింగ్ వాడుకోవచ్చని ఇచ్చే అనుమతికి) దరఖాస్తు పెడతాడు, మీకు చివరి అవకాశం అది. ఆ టైమ్‌కి మీ ఇంజనీర్‌తో రెండో సర్వే పూర్తి చేయించి, సెట్‌బ్యాక్‌లు టేపుతో కొలిచి, జనరేటర్ గొట్టం, ర్యాంపు ప్లాన్ ప్రకారమే ఉన్నాయో లేదో చూసి, పెండింగ్ రిపేర్ల లిస్టుతో కలిపి మున్సిపల్ కమిషనర్‌కి లెటర్ పెట్టండి. రిపేర్లన్నీ అయి, ఒక వానాకాలం దాటి, లీకేజీ లేదని పై అంతస్తు వాళ్లు సంతకం పెట్టాకే డిపాజిట్ వెనక్కి ఇవ్వండి.